టికెట్ ఏదండీ అని అడిగిన పిల్ల

ప్రశ్న: టీచరమ్మ గారూ నమస్తే. మాది హనుమకొండ. మా పాపకి ఆరేళ్ళు, ఒకటో తరగతి, బాబుకి నాలుగు నిండాయి. పోయినేడు స్కూల్లో ఉమెన్స్ డేకి ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెడితే పాపని ఝాన్సీ రాణిలా తయారుచేశాను, డ్రెస్ కిరాయికి తెచ్చి, అట్టముక్క కత్తికి వెండి కాగితం అంటించి, నాలుగు లైన్లు బట్టీ కూడా పట్టించాను. ఇంటికొచ్చాక "అమ్మా ఆమె చచ్చిపోయిందా? గొప్పగొప్ప ఆడోళ్ళందరూ చచ్చిపోయినోళ్ళేనా?" అని అడిగింది, నాకు ఏం చెప్పాలో తోచలేదు. అప్పట్నుంచి రోజూ రాత్రి పడుకునేముందు ఒక గొప్ప మహిళ గురించి ఫోన్లో చూసి చదివి చెప్తున్నాను కానీ రెండో నిమిషానికే ఇద్దరూ మంచం మీద దొర్లడం మొదలుపెడతారు. బాబైతే "అది అక్క కథ, నాకొద్దు, నాకు పులి కథ చెప్పు" అంటాడు. మా అత్తమ్మది జనగామ వైపు పల్లెటూరు, ఆమె రాక్షసుల కథలు చెప్తే మాత్రం నోరు తెరుచుకుని వింటారు. బాల్య వివాహాలు, కొట్టడాలు, చంపడాలు ఇవన్నీ ఇంత చిన్నపిల్లలకి చెప్పొచ్చా? ఎవరి కథలు, ఎలా చెప్పాలి? ఈసారి ఫ్యాన్సీ డ్రెస్‌కి మళ్ళీ ఝాన్సీ రాణేనా?

జవాబు: అమ్మాయ్, నీ కూతురు అడిగిన ప్రశ్న చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే నేను గోదావరి పక్క పల్లెటూరి బళ్ళో ముప్పై ఏళ్ళు ఒకటీ రెండూ తరగతులకి చెప్పాను, ఎన్నో మార్చి ఎనిమిదులు చేయించాను, ఒక ఏడాదైతే ఒక్క వరండాలో ఐదుగురు ఝాన్సీ రాణులు కత్తులు పట్టుకుని నిలబడ్డారు, ఐదుగురివీ అవే నాలుగు లైన్లు. వాళ్ళలో ఒక్కత్తి కూడా ఇంటికెళ్ళి ఇలాంటి ప్రశ్న అడిగి ఉండదు, ఒకవేళ అడిగినా నా దాకా రాలేదు. నీ పిల్ల వింటోంది, దొర్లుతున్నా వింటోంది, ఆ దిగులు పెట్టుకోకు.

జవాబు నిజమే చెప్పు. అవును చచ్చిపోయింది, 1858లో గ్వాలియర్ దగ్గర యుద్ధంలో పోయింది, అది చాలా ఏళ్ళ కిందటి సంగతి, అప్పటి మగవాళ్ళు కూడా ఇప్పుడెవరూ లేరు అని. పిల్లలకి చావు అనే మాట కంటే మనం దాన్ని దాచడమే ఎక్కువ భయంగా ఉంటుంది. కాకపోతే నీ పిల్ల ప్రశ్నలో ఇంకో ముక్క ఉంది చూశావా, "అందరూ చచ్చిపోయినోళ్ళేనా" అంది. అంటే మనం దాని ముందు పెట్టినవన్నీ దండేసిన ఫోటోలే అన్నమాట. పుట్టిన తేదీ, పోయిన తేదీ, మధ్యలో "ధీర వనిత", "స్ఫూర్తి ప్రదాత", "మహిళా లోకానికి ఆదర్శం". ఆరేళ్ళ పిల్లకి ధీర అంటే ఏంటో ఏం తెలుసు చెప్పు, ఫోన్లో దొరికేవన్నీ ఇవే మాటలు, అవి చదివి వినిపిస్తే దొర్లరా మరి, నేనైనా దొర్లుతాను.

మీ అత్తమ్మ చెప్పే రాక్షసుడు ఏం చేస్తాడు? తలుపు కొడతాడు, ముక్కు ఎగబీలుస్తాడు, నరవాసన అంటాడు. ప్రతి వాక్యంలో ఏదో ఒకటి జరుగుతుంది. మన గొప్పావిడ కథలో ఏమీ జరగదు, ఆవిడ గొప్పగా ఉంటుంది, అంతే. అందుకని నేను చివరికొచ్చేసరికి పెట్టుకున్న పద్ధతి ఏంటంటే ఒక మనిషి జీవితం మొత్తం చెప్పను, ఆ జీవితంలోంచి ఒక్క పూట తీసుకుంటాను, ఆ పూట ఆవిడ చేత్తో ఏం పట్టుకుంది, ఎవరితో ఏమంది, అంతవరకే. గొప్పదా కాదా అన్నది నేను చెప్పను. అది పిల్లలే అంటారు, ఒక్కోసారి అనరు కూడా, అప్పుడూ ఏం పర్లేదు.

ఒకటి చెప్తాను చూడు, ఇది నేను కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాను. దీన్ని "అనగనగా" అని మొదలుపెట్టకు. అనగనగా అన్నావంటే పిల్లలు వెంటనే రాజు, ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు ఆ లైన్లోకి వెళ్ళిపోతారు, ఇది కూడా ఉత్తుత్తి కథే అనుకుంటారు. ఊరి పేరుతో మొదలుపెట్టు. సంవత్సరం చెప్పినా వాళ్ళకి పట్టదు కాబట్టి "నానమ్మ ఉంది కదా, నానమ్మకి నానమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు" అను, అది పడుతుంది.

"కాకినాడలో పెద్ద మీటింగు జరుగుతోంది. ఎక్కడెక్కడినుంచో రైళ్ళెక్కి జనం వచ్చారు. అక్కడ ఖద్దరు బట్టల ఎగ్జిబిషన్ పెట్టారు, లోపలికి వెళ్ళాలంటే టికెట్ ఉండాలి. గేటు దగ్గర ఒక అమ్మాయిని నిలబెట్టారు. దుర్గ. పద్నాలుగేళ్ళు, అంటే మన పక్కింటి అక్క ఉంది కదా అంత. టికెట్ లేకుండా ఎవర్నీ పంపకమ్మా అని చెప్పి పెద్దవాళ్ళు వెళ్ళిపోయారు. ఒకాయన వచ్చాడు. దుర్గ, టికెట్ ఏదండీ అంది. ఆయన దగ్గర లేదు. అయితే లోపలికి వెళ్ళకూడదండీ అంది. వెనకనుంచి పెద్దవాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చారు, అయ్యయ్యో ఏం పని చేశావు, ఆయనెవరో తెలుసా, నెహ్రూ! అని కేకలేశారు..."

ఇక్కడ ఆపు. ఖచ్చితంగా ఇక్కడే ఆపు. నీ పాపని అడుగు, నువ్వయితే ఏం చేస్తావు అని. మా క్లాసులో సగం మంది "వదిలేస్తాం టీచర్" అనేవాళ్ళు, కొంతమంది "పారిపోతాం" అనేవాళ్ళు, ఒకడు "నా టికెట్ ఇచ్చేస్తా" అన్నాడు, వాడు ఇప్పుడు బ్యాంకులో చేస్తున్నాడు. దుర్గ ఏం చేసిందంటే, మీరు చెప్పిందే కదా నేను చేశాను, టికెట్ కొంటే పంపుతాను అంది. ఆ పెద్దవాళ్ళే టికెట్ కొన్నారు, అప్పుడు పంపింది. నెహ్రూకి కోపం రాలేదు, ఆ పిల్లని మెచ్చుకున్నాడు కూడా. అయిపోయింది కథ. కంచికి పంపించెయ్.

ఇది 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ సభల్లో జరిగింది, ఆ దుర్గ రాజమండ్రి అమ్మాయి, తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయింది, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగం రాసిన సభలో మెంబరు. ఇవన్నీ నీకోసం చెప్తున్నా, పాపకి ఇప్పుడే అక్కర్లేదు. ఏదో ఒకరోజు హైదరాబాదు వెళ్ళినప్పుడు విద్యానగర్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి బోర్డు కనబడుతుంది, అప్పుడు "ఇదిగో టికెట్ అడిగిన అమ్మాయి పేరే ఇది" అను చాలు, వాళ్ళు బస్సు కిటికీలోంచి మెడ తిప్పి చూస్తారు. ఇంకో సంగతి, దుర్గాబాయికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దనుకుంది. ఇది నేను మొదటిసారి చెప్పినప్పుడు చెప్పను, ఎవరైనా పిల్ల "దుర్గకి పెళ్ళయిందా టీచర్" అని అడిగితే మాత్రం దాచను.

కష్టాల సంగతికి ఇలాగే వస్తాను గానీ ముందు నేను చేసిన వెధవపని ఒకటి చెప్పాలి, నువ్వు చెయ్యకుండా ఉంటావని. సర్వీసులో కొత్త. జనవరి 3 వచ్చింది, సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు. 1848లో పుణేలో భర్తతో కలిసి ఆడపిల్లలకి బడి పెట్టిందనీ, పాఠం చెప్పడానికి నడిచి వెళ్తుంటే దారిలో జనం పేడ, బురద, రాళ్ళు వేసేవాళ్ళనీ మహా ఆవేశంగా చెప్పాను, చేతులు తిప్పి, గొంతు పెంచి, ఎలా విసిరేవాళ్ళో చేసి చూపించాను కూడా. పిల్లలు గుడ్లప్పగించి విన్నారు, నాకేమో లోపల్లోపల ఎంత సంబరమో. మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే బోరింగు పంపు దగ్గర అందరూ ఆట ఆడుతున్నారు. ఒక పిల్లని సావిత్రిబాయిని చేశారు, పాపం అది చంకలో పలక పెట్టుకుని నడుస్తోంది, మిగతా పాతిక మందీ బురద వేస్తున్నారు! అది ఏడుస్తూ నా దగ్గరకొచ్చింది, జడలోంచి కారుతోంది బురద. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి నాకు పెట్టిన చీవాట్లు ఇప్పటికీ చెవిలో మోగుతాయి, ఏం కథలు చెప్తున్నారమ్మా మీరు అంది, నాకు నోట మాట లేదు.

ఇంటికెళ్ళి ఆలోచిస్తే తట్టింది. నేను చెప్పిన కథలో పని చేసింది ఎవరు? పేడ వేసినవాళ్ళు. సావిత్రిబాయి ఏం చేసింది? పడింది, భరించింది. పిల్లలు ఎప్పుడూ పని చేసేవాళ్ళ వైపే వెళ్తారు, అది వాళ్ళ తప్పు కాదు. మరుసటి ఏడాది అదే కథ చెప్పాను, ఈసారి ఒక గుడ్డసంచీ తీసుకెళ్ళాను, అందులో నా పాత చీర మడతపెట్టి. "ఈ సంచీలో ఏముందో చెప్పండి" అన్నాను. టిఫిన్ అన్నారు, పుస్తకాలన్నారు, జామకాయలన్నారు. చీర తీసి చూపించి, ఒక టీచరు రోజూ ఇంకో చీర సంచీలో పెట్టుకుని బడికి వెళ్ళేది, ఎందుకో చెప్పుకోండి అన్నాను. అప్పుడు బురద సంగతి ఒక్క వాక్యంలో చెప్పి మళ్ళీ చీర దగ్గరకొచ్చేశాను. బడికి వెళ్ళింది, మురికి చీర మార్చుకుంది, పాఠం చెప్పింది. మర్నాడు మళ్ళీ సంచీలో చీర. ఆ మధ్యాహ్నం పంపు దగ్గర ఏం ఆడారో తెలుసా, టవళ్ళు చుట్టుకుని చీరలు మార్చుకోవడం, పలక మీద అ ఆలు రాయడం. మగపిల్లలు కూడా.

అందుకే కష్టాలు చెప్పొచ్చా అంటే చెప్పొచ్చమ్మా, కానీ కష్టం ఒక వాక్యం, ఆవిడ చేసిన పని పది వాక్యాలు. మనం సాధారణంగా తిరగేసి చేస్తాం. రక్తం, మంటలు, సతి, చిత్రహింసలు వీటి వర్ణన ఎనిమిదేళ్ళు దాటేదాకా వద్దంటాను నేను, అసలు పడుకునే ముందైతే వద్దే వద్దు, కొట్లాట ఉన్న కథలు పగలు అన్నం తినిపించేటప్పుడు చెప్పు. రాత్రికి నెమ్మది కథలు పెట్టుకో.

రాత్రికి పనికొచ్చేది ఒకటి, అయ్యలసోమయాజుల లలిత గారిది. ఈవిడ గురించి మన తెలుగువాళ్ళకే సరిగ్గా తెలీదు, నాకూ రిటైరయ్యాకే తెలిసింది. మద్రాసులో తెలుగు కుటుంబం. పదిహేనేళ్ళకి పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకి పాప పుట్టింది, ఆ పాపకి నాలుగు నెలలప్పుడు భర్త పోయారు. అప్పట్లో అలాంటి ఆడపిల్లల్ని ఇంట్లో ఓ మూల కూర్చోబెట్టేసేవారు. ఆవిడ కూర్చోలేదు, నాన్న గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు, నేనూ ఇంజనీరింగ్ చదువుతా నాన్నా అంది, అప్పటిదాకా ఆ కాలేజీలో అందరూ మగపిల్లలే. ఆయన ప్రిన్సిపల్‌తో మాట్లాడి చేర్పించారు. తర్వాత ఇంకో ఇద్దరు అమ్మాయిలు తోడొచ్చారు. 1940ల్లో చదువు అయిపోయింది, డిగ్రీ కాగితం ఇచ్చే రోజు వచ్చింది, ఆ కాగితం మీద అప్పటికే అచ్చేసి ఉంది "అతడు" అని ఇంగ్లీషులో. అమ్మాయిలు చదువుతారని ప్రింటింగు చేసినవాళ్ళకి తట్టనే లేదు! అందుకని అచ్చేసిన మాట కొట్టేసి "ఆమె" అని రాసి ఇచ్చారు.

నీ పాప ఒకటో తరగతి కదా, అక్షరాలు వచ్చే ఉంటాయి. ఒక కాగితం మీద నువ్వు "అతడు ఇంజనీరు" అని రాసి ఇవ్వు, పెన్సిలిచ్చి, లలిత గారి కాగితం సరిచెయ్యి అను. పిల్లలకి పెద్దవాళ్ళ తప్పు దిద్దడం కంటే ఇష్టమైన పని లోకంలో లేదు. మా మనవరాలు నాలుగు కాగితాలు దిద్దింది, ఇంకోటి రాయి ఇంకోటి రాయి అని. ఆ లలిత గారే తర్వాత భాక్రా నంగల్ డ్యామ్ నుంచి కరెంటు తీసుకెళ్ళే లైన్ల డిజైన్ పని చేశారు, మన దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీర్ అని ఆవిడ్నే చెప్తారు. భర్త పోయిన సంగతి ఎలా చెప్పాలి అంటావేమో, "పాపకి నాలుగు నెలలప్పుడు వాళ్ళ నాన్న చనిపోయారు, లలితకి బోల్డంత ఏడుపొచ్చింది, తర్వాత చదువుకోవాలనిపించింది" అని మామూలు గొంతుతో చెప్పు. నీ గొంతు వణికితేనే వాళ్ళు భయపడతారు.

ఇప్పుడు బాబు సంగతి. వాడు "అక్క కథ" అన్నాడంటే తప్పు కొంత మనదే, ఇది ఆడవాళ్ళ కథ అని లేబుల్ అంటించి మొదలుపెడుతున్నాం కదా. వాడికి పులి కావాలి అంటే బలం కావాలి. ఇంట్లో 25 కేజీల బియ్యం బస్తా ఉంటుందిగా, వాడ్ని తోయమను. కదలదు. వాళ్ళ నాన్నని ఎత్తమను, మూలుగుతూ ఎత్తుతాడు. అప్పుడు చెప్పు, శ్రీకాకుళం వైపు నుంచి ఒకావిడ ఉంది, ఇలాంటి బస్తాలు ఐదు కలిపి, పైన ఇంకో ఐదు కేజీలు వేసి, తల మీదకి ఎత్తింది అని. కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్, బరువులెత్తే పోటీ, స్నాచ్‌లో (ఒకే ఊపులో తల మీదకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదకి) 130, మొత్తం 240 కేజీలు, కంచు పతకం, ఒలింపిక్స్‌లో మెడల్ కొట్టిన మొదటి భారతీయ మహిళ. ఆ తర్వాత ముక్క వదిలెయ్యకు, అదే అసలు ముక్క. బంగారం కోసం చివర్లో 137.5 కేజీలు అడిగింది, ఎత్తబోయింది, కింద పడిపోయింది బరువు. మా మనవడు ఇక్కడ ప్రతిసారీ "అయ్యో" అంటాడు, నూటొక్కోసారి చెప్పినా అంటాడు, వాడికి గెలిచిన దానికంటే పడిపోయిందే గుర్తు. పైగా ఈవిడ బతికే ఉంది కాబట్టి నీ పాప ప్రశ్నకి కూడా జవాబు దొరికినట్టే.

ఇంకోటి జాగ్రత్త, "ఆడదయినా", "ఆడపిల్ల అయ్యుండి కూడా" అనే మాటలు నోట్లోంచి రానీకు. మల్లీశ్వరి ఆడదయినా ఎత్తింది అన్నావంటే ఆడవాళ్ళు మామూలుగా ఎత్తరు అని చెప్పినట్టే, ఆ "అయినా" ఒక్కటే పిల్లల బుర్రలో ఉండిపోతుంది, మిగతా కథంతా పోతుంది. నాకు ఈ జబ్బు వదలడానికి చాలా ఏళ్ళు పట్టింది, ఇప్పటికీ అప్పుడప్పుడూ నాలిక కరుచుకుంటూ ఉంటాను.

మీ అత్తమ్మ విషయంలో మాత్రం నీతో నాకు కొంచెం పేచీ ఉంది. నీ దగ్గర లేనిది ఆవిడ దగ్గర ఉంది, ఆవిడతో పోటీ పెట్టుకుంటావెందుకు? ఆవిడది జనగామ వైపు అన్నావు, అయితే పాలకుర్తి ఎంత దూరం? చాకలి ఐలమ్మ 1985 దాకా బతికే ఉంది, మీ అత్తమ్మ చిన్నతనంలోనో కొత్తకోడలుగా ఉన్నప్పుడో ఆవిడ గురించి వినకుండా ఉండే ప్రసక్తే లేదు. ఒకరోజు పిల్లల ముందే అడుగు, "అత్తమ్మా, ఐలమ్మ వడ్లు ఎట్ల కాపాడుకున్నది?" అని. కౌలుకి తీసుకున్న నాలుగెకరాలు, పండిన వరి, కోసుకుపోవడానికి వచ్చిన విసునూరు దేశ్‌ముఖ్ (అంటే అక్కడి దొర) మనుషులు, కర్రలు పట్టుకుని అడ్డం తిరిగిన ఆంధ్ర మహాసభ సంఘం వాళ్ళు, ధాన్యం ఐలమ్మ ఇంటికి చేరడం, ఇదంతా ఆవిడ తన యాసలో చెప్తే నువ్వూ నేనూ పుస్తకం చూసి చెప్పినదానికి పదింతలు ఉంటుంది. మోపు అంటే ఏంటి, కల్లం అంటే ఏంటి, కౌలు అంటే ఏంటి అని పిల్లలు అడుగుతారు, ఆవిడే చూపిస్తుంది. రాక్షసుల కథ చెప్పే నోరు కాబట్టి దేశ్‌ముఖ్‌ని కూడా బ్రహ్మాండంగా చేస్తుంది చూడు. తర్వాత వాళ్ళ అమ్మ గురించి, వాళ్ళ ఊళ్ళో మంత్రసాని గురించి కూడా అడుగు. చరిత్రలో పేరెక్కినవాళ్ళవే కథలు అని ఎవరన్నారు.

మా రాజమండ్రి వైపు ఒక కథ ఇలాగే పెద్దవాళ్ళ నోటినుంచి విన్నాను నేను. 1881 డిసెంబరులో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరంతా వెలేసింది, వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు బిందె తీసుకుని గోదావరికి వెళ్ళి తనే నీళ్ళు మోసుకొచ్చి తనే వండింది. ఆయన విగ్రహాలున్నాయి, ఆ బిందెకి విగ్రహం లేదు. నేను ఈ కథ చెప్పేటప్పుడు నిజంగా ఒక బిందె నింపి పిల్లలచేత ఒక్కో అడుగు మోయించేదాన్ని, బట్టలు తడుపుకునేవాళ్ళు, పెళ్ళికి ఎన్ని బిందెలు కావాలి టీచర్ అని లెక్కలేసేవాళ్ళు.

అత్తమ్మ చెప్పే కథల్లో నిజమెంత కల్పనెంత అనే భయం నీకుంటే, దానికి మన భాషలోనే మందుంది, "అట". నీకు ఖచ్చితంగా తెలిసింది అయితే "చేసింది" అను, జనం చెప్పుకునేది అయితే "చేసిందట" అను. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు గోదావరి దాటి వచ్చేవాళ్ళకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టింది, ఇది చేసింది. ఇంగ్లండు రాజు పట్టాభిషేకానికి పిలిస్తే వెళ్ళకపోతే ఆవిడ ఫోటో తెప్పించుకుని కుర్చీలో పెట్టారట, ఇది అట. నాలుగేళ్ళ పిల్లాడికి కూడా ఆ తేడా వినపడుతుంది, మా మనవడు "నిజమా, అటనా?" అని అడుగుతాడిప్పుడు, వాళ్ళమ్మ ఆఫీసు కబుర్లు చెప్తున్నా అదే అడుగుతున్నాడు, అది వేరే తలనొప్పి.

హనుమకొండలో ఉండి రుద్రమదేవిని వదిలేస్తే పాపం తగులుతుంది. కానీ మళ్ళీ కత్తి, గుర్రం దగ్గరకే పోకు. వరంగల్ కోటకి తీసుకెళ్ళు ఎండ తగ్గాక, ఆ రాతిగోడ పక్కన నిలబెట్టి, ఇది కట్టడం నాన్న గణపతిదేవుడు మొదలుపెట్టాడు, కూతురు పూర్తి చేసింది అను. గోడని ముట్టుకోనీ. నాన్న హోంవర్క్ కూతురు చేసిందా అన్నది ఒక పిల్ల మా క్లాసులో, అంతకంటే బాగా నేను చెప్పలేను. రాజ్యం చేసేటప్పుడు ఆవిడ పేరు రుద్రదేవ మహారాజు అని మగవాళ్ళ పేరులా ఉండేది, ఎందుకలా అని పాప అడుగుతుంది, అడిగితే "అప్పట్లో రాజు అంటే మగవాడే అనుకునేవాళ్ళు" అని చెప్పి ఊరుకో, నీ పాప లలిత గారి డిగ్రీ కాగితాన్ని తనే గుర్తు చేసుకుంటుందేమో చూడు. ఆవిడ ఎలా పోయింది అని అడిగితే, నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక రాయి ఉంది, 1289లో వేసిన శాసనం, ఆవిడ పోయిన సంగతి దాని మీద ఉంది, ఏడొందల ఏళ్ళు దాటినా ఆ రాయి ఇంకా ఉంది అని చెప్పు. వీలుంటే ఒక ఆదివారం చూపించుకుని రండి, పెద్ద దూరమేం కాదు.

పుస్తకాలు కొనాలా అంటే కొను, బొమ్మలు బాగున్నవి కొను, యూట్యూబ్ కార్టూన్లు మాత్రం నాకు పెద్దగా నచ్చవు, అందులో అందరి ముఖాలూ ఒకేలా తెల్లగా ఉంటాయి, వీడియో అయిపోగానే ఇంకోటి వచ్చేస్తుంది, ప్రశ్న అడగడానికి చోటుండదు. అయిదు నిమిషాల కథ చాలు. వారానికి ఒక్కరే చాలు, రోజుకొకరు అక్కర్లేదు, అదే కథ వారమంతా అడుగుతారు, చెప్పు, ఒక్క మాట మార్చినా పట్టుకుంటారు. ఊ కొట్టమను, ఊ ఆగితే నువ్వూ ఆగు. చివర్లో "ఈ కథలో నీతి ఏంటి?" అని మాత్రం అడక్కు. నేను అడిగీ అడిగీ ఎన్ని మంచి కథల్ని పరీక్ష పేపర్లు చేశానో.

మీ ఇంట్లో అక్కా తమ్ముడూ ఉన్నారు కాబట్టి ఒక కథ వాళ్ళకోసమే దాచాను. పెనుగంచిప్రోలులో పుట్టిన అచ్చమాంబ అని ఒకావిడ, బడికి పంపలేదు, చిన్నప్పుడే పెళ్ళి చేసేశారు. తమ్ముడు చదువుకోవడానికి వచ్చి వాళ్ళింట్లోనే ఉన్నాడు. తమ్ముడు ఏం చదివితే అక్క అది నేర్చుకుంది, తమ్ముడే టీచరు. ఆ అక్క పెద్దయ్యాక ఏం చేసిందంటే సరిగ్గా నువ్వు ఇప్పుడు చేస్తున్న పనే, దేశమంతా వెతికి గొప్ప ఆడవాళ్ళ కథలన్నీ పోగుచేసి 1901లో పుస్తకం వేసింది, అబలా సచ్చరిత్ర రత్నమాల. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. నీ బాబుకి ఈ కథలో టీచరు వేషం ఇవ్వు, చేతికి స్కేలివ్వు (కొట్టకూడదు అని ముందే చెప్పి), అక్క ఎదురుగా కూర్చుని అ ఆలు నేర్చుకుంటున్నట్టు నటిస్తుంది. "అక్క కథ నాకొద్దు" అన్నవాడు ఎన్నిసార్లు ఆడదామంటాడో నాకు మళ్ళీ రాయి.

ఇక ఫ్యాన్సీ డ్రెస్. ఝాన్సీ రాణి వద్దు, ఆ కిరాయి డబ్బులు మిగుల్చుకో. తెల్ల లంగా జాకెట్టు ఒకటి, రెండు జడలు, గుండె మీద పిన్నుతో గుచ్చిన కాగితం బ్యాడ్జీ, దాని మీద "వాలంటీర్". బట్టీ పట్టించాల్సింది ఒక్క లైనే. స్టేజి ఎక్కే ముందు అరగంట పాపని హాలు గుమ్మం దగ్గర నిలబెట్టు, వచ్చేవాళ్ళందర్నీ "టికెట్ ఏదండీ?" అని అడగమను. ప్రిన్సిపల్ గారొచ్చినా వదలొద్దని చెప్పు.